వారానికి ఒక్క భాగమే: నా సీరియల్ పాఠకులకు ఒక బహిరంగ లేఖ

దేవరకొండ,
1 జనవరి 2026.

నా సీరియల్ చదివే అక్కలకు, అన్నలకు, వదినలకు, పెద్దమ్మలకు, ఫోన్ పట్టుకుని నానమ్మకు చదివి వినిపించే పిల్లలకు,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. మనకు ఉగాదే కదా కొత్త సంవత్సరం అని గుర్తుచేసేవాళ్లు మీలో ఎలాగూ ఉంటారు. వచ్చే ఉగాది మార్చి 19న. ఆ సంవత్సరం పేరు పరాభవ. ఆ పేరు నెత్తిన పెట్టుకుని కొత్త ప్లాన్లు చెప్పే ధైర్యం నాకు లేదు కాబట్టి జనవరిలోనే చెప్పేస్తున్నాను.

మన యాదమ్మ కథ ఇక నుంచి వారానికి ఒక్క భాగమే వస్తుంది, శనివారం రాత్రి తొమ్మిదికి. పండుగ స్పెషల్ అని రెండోది ఉండదు. మీరెంత బతిమాలినా ఆదివారం పొద్దున ఇంకోటి రాదు. నా సీరియల్ వచ్చే యాప్ వాళ్లు రోజుకో భాగం పెట్టమంటున్నారు. రోజూ పెట్టేవాళ్ల కథలే పైన కనిపిస్తాయట, మిగతావి కిందికి జారిపోతాయట. జారిపోనివ్వండి, మీరు వెతుక్కుని వచ్చి చదువుతారు. అయితే వారానికి ఒకటే ఎందుకన్నది మీకు చెప్పాలి. దానికి సగం కారణం మీరే.

రోజూ రాసే కథ ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. ప్రతి భాగం చివర ఎవరో ఒకరు కళ్లు తిరిగి పడిపోవాలి, లేదంటే తలుపు తీసి నిర్ఘాంతపోవాలి. తలుపు అవతల ఎవరున్నారో ఆ రాత్రికి రాసినవాళ్లకు కూడా తెలియదు. తెల్లారి వంట చేస్తూ ఆలోచిస్తే పాలు పోసే అబ్బాయని తేలుతుంది. అట్లా రాసేవాళ్లను తక్కువ చేయడం లేదు. వాళ్లలో చాలామందికి యాప్‌లో పాఠకులు ఇచ్చే కాయిన్ల మీద వచ్చే డబ్బే పిల్లల ఫీజు. నాకు బడి జీతం ఉంది, చిన్నదే అయినా ఉంది. ఆ ధైర్యంతోనే నేను ఆగగలుగుతున్నాను. అది లేనివాళ్లు ఆగలేరు. ఈ తేడా మర్చిపోయి ఎవరి కథనైనా చెత్త అనడం నాకు నచ్చదు. మీలో కొందరు నన్ను మెచ్చుకోవడానికి వాళ్లను తిడుతున్నారు. అట్లాంటి మెచ్చుకోళ్లు నాకు వద్దు.

ఇక అసలు సంగతి. ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య ఉండే ఆ వారం మీది. ఆ వారంలో మీరు చేసే పనులు నా కథకు ఎంత అవసరమో మీకు తెలియదు.

యాదమ్మ బత్తాయి తోట సంగతే తీసుకోండి. తోట కాయ అమ్మే సీన్ ఒక శనివారం పెట్టాను. వ్యాపారి వచ్చాడు, చెట్లు చూశాడు, టన్నుకు ఇంత అని రేటు చెప్పాడు, యాదమ్మ సరేనంది. అక్కడ ఆపాను. మంగళవారం కనగల్ వైపు రైతు ఒకాయన ఫోన్ చేశాడు. "అమ్మా, రేటు ఒప్పుకున్నది సరే. తరుగు సంగతి మాట్లాడుకోలేదేంది మీ యాదమ్మ? రేటు ఎంత చెప్తే ఏం లాభం, కాంటా కాడ తరుగు పేరు మీద తూకంలో కోత పెట్టి లాగేసుకుంటారు." తర్వాత అరగంట సేపు ఆయన నాకు పాఠం చెప్పాడు. ఎండాకాలంలో వచ్చే కత్తెర కాయకు రేటెందుకు బాగుంటుంది, సీజన్ కాయ ఒక్కసారి మార్కెట్ మీద పడితే ఏమవుతుంది, ఢిల్లీకి పోయే లారీ ఒక రోజు లేటైతే ఆ నష్టం ఎవరి మీద వేస్తారు. బోర్లు ఎండిపోయిన ఎండాకాలాల్లో ట్యాంకర్లతో నీళ్లు పోసి చెట్లను బతికించుకున్నవాళ్లు, కాంటా దగ్గర నోరు మెదపకుండా ఎందుకు నిలబడతారో కూడా చెప్పాడు. మళ్లీ వచ్చే ఏడు అదే వ్యాపారి దగ్గర అడ్వాన్స్ తీసుకోవాలి కదా.

ఆ శనివారం భాగంలో యాదమ్మ కాంటా దగ్గర గొడవ పడింది. మీకందరికీ నచ్చింది. ఆ గొడవ నేను కల్పించగలిగేది కాదు. రోజుకో భాగం పెట్టి ఉంటే ఆయన మంగళవారం ఫోన్ చేసేసరికి కథ పెళ్లి చూపుల దగ్గరికి వెళ్లిపోయి ఉండేది, ఆ తోట మళ్లీ రాకపోయేది.

మీరు పంపే మెసేజీలన్నీ ఇట్లా ఉండవనుకోండి. యాదమ్మ తోటికోడలు అనసూయను చంపేయమని అడిగేవాళ్లు చాలామంది. కరెంటు షాక్, పాము, లారీ అని దారులు కూడా మీరే చూపిస్తున్నారు. కొందరైతే అనసూయ తరఫున లాయర్లలా వాదిస్తున్నారు. ఆమె పుట్టింటోళ్లు పెట్టిన బంగారం ఎవరు అమ్మారో ముందు అది తేల్చండి మేడం అని ఒక వదిన రాసింది. చాలా న్యాయమైన ప్రశ్న. అనసూయ చావదు, మారదు కూడా. మన ఇళ్లల్లో ఎంతమంది మారారు చెప్పండి? కానీ ఆ బంగారం సంగతి తేలుతుంది.

యాస గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. మాటలు నల్లగొండ మనుషులు మాట్లాడుకునేటట్టే ఉంటాయి, కథనం మామూలు తెలుగులో ఉంటుంది. గుంటూరు నుంచి చదివేవాళ్లకు ఒకటి రెండు చోట్ల ఆగాల్సి వస్తోందట. ఆగండి, పర్వాలేదు. మేము కూడా చిన్నప్పటి నుంచి మీ కథల్లో అట్లా ఆగుతూనే చదివాం.

మీలో ఎక్కువమంది బస్సులో చదువుతున్నారని ఈ మధ్యే అర్థమైంది. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి ఇబ్రహీంపట్నం, మాల్ ఊరు, కొండమల్లేపల్లి మీదుగా హైదరాబాద్ పోయివచ్చేవాళ్లు పెరిగారు. జీరో టికెట్ తీసుకుని సీటు దొరికిందంటే ఫోన్ బయటికి వస్తుంది. సీటు దొరకనివాళ్లు పక్కవాళ్ల భుజం మీద నుంచి చదువుతారట. ఒకామె రాసింది: తన పక్కన కూర్చున్న ముసలమ్మ "పైకి చదువు బిడ్డా, నాకు కండ్లు కనపడవు" అంటే మాల్ నుంచి కొండమల్లేపల్లి దాకా గట్టిగా చదివిందట. వెనక సీట్లో వాళ్లు కూడా విన్నారట, చివర్లో కండక్టర్ సహా అందరూ అనసూయను తిట్టారట. ఆ మెసేజ్ చదివాక నాకు ఒక ఆలోచన వచ్చింది. దాని గురించి కింద చెప్తాను.

సీరియల్ అంటే పత్రికలతో వచ్చిందనుకుంటాం. మన దగ్గర అంతకు ముందు నుంచే ఉంది. ఒగ్గు కథ చెప్పేవాళ్లు గొర్రెల కాపరుల దేవుడు బీరప్ప కథ చెప్తే ఒక రాత్రితో అయిపోదు, రాత్రుల తరబడి సాగుతుంది. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు డోలు ఆపి కట్నాలు చదివిస్తారు. ఫలానా వారి పేరు మీద ఇంత అని. జనం లేచిపోరు. ఆ కాస్త సేపట్లో చుట్టలు వెలుగుతాయి, చాయ్‌లు వస్తాయి, జరిగిన కథ మీద వాదనలు నడుస్తాయి. పాలమూరు వైపు కిన్నెర వాద్యం మీద ప్రజావీరుడు పండుగ సాయన్న కథ చెప్పిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో వచ్చింది. ఈ అవార్డులు వచ్చినప్పుడు మనమంతా ఫొటోలు షేర్ చేశాం. వాళ్ల కథ మొత్తం కూర్చుని విన్నవాళ్లు మనలో ఎంతమంది? ఒక రాత్రి వింటే నాకు బాగా తెలిసింది, ఎక్కడ ఆపాలో వాళ్లకు తెలిసినంతగా సీరియల్ రాసే మాకెవరికీ తెలియదని. వాళ్లు ప్రమాదం దగ్గర ఆపరు. ఒక మనిషి ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన చోట ఆపుతారు. అప్పుడు విన్నవాళ్లంతా ఆ రాత్రి తమలో తాము అది తేల్చుకుంటారు. యాదమ్మ కథలో నేను పట్టుకోవాలని చూస్తున్నది అదే. ఒక్కోసారి అందుతుంది, ఒక్కోసారి అందదు.

పత్రికల మాటకొస్తే, 1922లోనే నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు నీలగిరి పత్రిక నడిపారు. అది వారపత్రిక. నిజాం రాజ్యంలో, ఉర్దూ తప్ప వేరే భాషకు ఆఫీసుల్లో చోటు లేని కాలంలో, ఆ ఊరి నుంచి తెలుగు వారపత్రిక. నాలుగేళ్లకు 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి గారి సంపాదకత్వంలో హైదరాబాద్ నుంచి గోలకొండ పత్రిక మొదలైంది. ఆయన పాలమూరు మనిషి, గద్వాల వైపు. ఈ మే నెలకు ఆ పత్రిక పుట్టి నూరేళ్లు. అది మొదట్లో వారానికి రెండుసార్లే వచ్చేది. ఊళ్లలో ఒక కాపీ వస్తే చదువొచ్చిన ఒకాయన చదువుతుంటే పది మంది వినేవాళ్లు. మీరు బస్సులో చేసింది అదే కదా! నూరేళ్ల సందర్భంగా సభలు జరుగుతాయి, శాలువాలు కప్పుతారు, మంచిదే. నాకైతే, ఆ రోజుల్లో ఆ ఒక్క కాపీ ఎన్ని చేతులు మారిందో, వచ్చే సంచిక దాకా దాని మీద జనం ఏం మాట్లాడుకున్నారో చెప్పగలిగే పెద్దలు దొరికితే బాగుండును.

కరోనా దెబ్బకు మన వారపత్రికలు కొన్ని ఆగిపోయాయి, మళ్లీ మొదలు కాలేదు. వాటిలో సీరియల్ చదువుతూ పెరిగిన నాలాంటివాళ్లు ఫోన్‌లోకి వచ్చాం. వచ్చేటప్పుడు ఆ వారం గడువును పత్రికతో పాటు అక్కడే వదిలేసి వచ్చాం. నేను ఇప్పుడు దాన్ని వెనక్కి తెచ్చుకుంటున్నాను.

పోయిన ఏడాది ఒక విషయంలో మీలో చాలామంది నా మీద కోపగించుకున్నారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం కప్పు కూలింది. ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. శ్రీశైలం నీళ్లు నల్లగొండకు తేవడానికి దాదాపు 44 కిలోమీటర్ల పొడవున తవ్వుతున్న సొరంగం అది. ఆ నీళ్ల కోసం మన ఫ్లోరైడ్ ఊళ్లు ఎన్నేళ్లుగా చూస్తున్నాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ వారమంతా మెసేజీలు: యాదమ్మ చిన్న కొడుకును ఆ సొరంగంలో పనికి పంపించండి, ఈ శనివారం భాగం అదిరిపోతుంది. నేను పంపలేదు. మన జిల్లా బాధ మీకు పట్టదా అని ఒక అన్న నిలదీశాడు. పడుతుందన్నా. లోపల ఉన్నవాళ్లు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల ఇళ్లల్లో మనుషులు నిజంగానే ఎదురుచూస్తున్నారు. అట్లాంటప్పుడు ఆ సొరంగం నోటి దగ్గర కథ ఆపి "ఇంకా ఉంది" అని నేను రాయలేను. ఇక ముందు కూడా రాయను. పొద్దున పేపర్లో వచ్చింది రాత్రికి నా కథలో రాదు. ఎప్పటికో వస్తుంది, అప్పటికి అది వేరే రూపంలో ఉంటుంది.

ఏఐతో రాయిస్తే వారానికి పది భాగాలు వస్తాయి కదక్కా అని ఒక తమ్ముడు సలహా ఇచ్చాడు. మంచి మనసుతోనే చెప్పాడు, నా మెడ నొప్పి గురించి చదివి. తమ్ముడూ, దానికి తరుగు సంగతి ఎవరు ఫోన్ చేసి చెప్తారు?

ఇక ఈ ఏడాది ఏం చేస్తానన్నది. యాదమ్మ కథ ఉగాది దాటాక, ఏప్రిల్‌లో, కత్తెర కాయ కోతకు అయిపోతుంది. ఇంకా సాగదీయమని అడగొద్దు. చెప్పాల్సింది అయిపోయాక కూడా కథను నడిపిస్తే, మీకు నచ్చిన మనుషులే మీకు విసుగు పుట్టిస్తారు. ఆ తర్వాత కొన్ని నెలలు కొత్త సీరియల్ ఉండదు. ఆ నెలల్లో యాప్‌లో నా పేరు ఎక్కడికి పోతుందో అక్కడికి పోనివ్వండి.

ఆ ఖాళీలో రెండు పనులు పెట్టుకున్నాను. మొదటిది ఆ బస్సులో ముసలమ్మ వల్ల వచ్చింది. కథ మొత్తం నా గొంతుతోనే చదివి రికార్డు చేస్తాను. ఫ్రీగా ఇస్తాను. కొందరు నన్ను అడగకుండానే నా భాగాలు చదివి వీడియోలు పెట్టి డబ్బు చేసుకుంటున్నారు. అందులో ఒకాయన యాదమ్మ మాటల్ని సినిమాలో కమెడియన్ మాట్లాడినట్టు చదివాడు. కేసులు పెట్టే ఓపిక నాకు లేదు. నేనే చదివితే ఏది అసలో మీకే తెలుస్తుంది.

రెండోది పుస్తకం. పెద్ద పబ్లిషర్ కోసం చూడను. చిన్న చిన్న పుస్తకాలుగా, ఒక్కొక్క దాంట్లో కొన్ని భాగాలు చొప్పున, తక్కువ ధరలో అచ్చు వేయిస్తాను. మన జిల్లా మాధవరంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి చిన్న పుస్తకాలు వేసి, తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. నాకు అంత శక్తి లేదు, బస్సు ఉంది. దేవరకొండ, నల్లగొండ, మిర్యాలగూడ, ఇటు అచ్చంపేట, కల్వకుర్తి శాఖా గ్రంథాలయాలకు నేనే తీసుకెళ్లి ఇస్తాను. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు పోతుంది, ఆ సంగతి చాలామందికి తెలియదు. మీ డబ్బుతో నడిచే గది అది. కాంపిటీటివ్ ఎగ్జామ్స్ పిల్లలతో నిండిపోయి ఉంటే ఇంకా మంచిది, చదివి చదివి బుర్ర వేడెక్కినప్పుడు అనసూయను తిట్టుకుంటారు.

ఇప్పుడు కొత్త సీరియల్ గురించి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. పోయిన నెలకు డెబ్బై ఏళ్లు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. మధ్యలో పన్నెండేళ్ల పాటు ఆ లోయలో ఎంతమంది బతికారో, ఎట్లా బతికారో అన్నది నా కథ. ఆ డ్యామ్ రాతి కట్టడం. 124 మీటర్ల ఎత్తు. ఇప్పుడు మనం గేట్లెత్తినప్పుడు సెల్ఫీలు దిగే ఆ ఇరవై ఆరు గేట్ల కింద ఉన్నదంతా మనుషులు మోసిన రాయి. కర్రల మెట్ల మీద నెత్తిన తట్టలతో బారులు తీరిన ఆడవాళ్లు, మగవాళ్లు పాత ఫొటోల్లో కనిపిస్తారు. ఒక్కరి పేరు కూడా ఫొటో కింద ఉండదు. పాలమూరు లేబర్ లేని డ్యామ్ ఈ దేశంలో లేదంటారు, వాళ్లు సాగర్‌కూ వచ్చారు. రాయి కొట్టే వడ్డెర కుటుంబాలు వచ్చాయి.

నన్ను పట్టుకుని వదలని సంగతి ఇంకొకటి ఉంది. 1954 నుంచి 1960 దాకా అదే లోయలో పురావస్తు శాఖ వాళ్లు ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురిని తవ్వి తీశారు. స్తూపాలు, విహారాలు, స్నానఘట్టాలు. నీళ్లు వచ్చేలోపు తీయగలిగినవి తీసి నాగార్జునకొండ మీదికీ, దగ్గర్లోని అనుపుకూ తరలించారు. అంటే ఒక పక్క కూలీలు పదహారు పదిహేడు వందల ఏళ్ల నాటి ఊరిని మెల్లగా మట్టి తీసి బయటపెడుతున్నారు, ఇంకో పక్క కూలీలు ఆ ఊరిని ముంచే గోడ లేపుతున్నారు. లోయలో ఉన్న ఊళ్ల వాళ్లు సామాను కట్టుకుంటున్నారు. ఒకే కుటుంబంలో అన్న ఇక్కడ, తమ్ముడు అక్కడ పని చేసి ఉంటే? రాత్రి ఒకే పొయ్యి దగ్గర కూర్చుని ఏం మాట్లాడుకుని ఉంటారు? అక్కడి నుంచి నా కథ మొదలవుతుంది. దేవరకొండ పల్లెల్లో కాలువ నీళ్లు ఎక్కని మెట్ట దగ్గర అయిపోతుంది. డ్యామ్ మన జిల్లాలో ఉండి, ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌లను పచ్చగా చేసి, మనల్ని పైనే వదిలేసింది కదా. ఎన్నో ఏళ్లకు పుట్టంగండి దగ్గర మోటార్లు పెట్టి ఎత్తిపోస్తే తప్ప ఆ నీళ్లు మన వైపు చూడలేదు. ముగింపు నాకు ముందే తెలుసు కాబట్టి దాన్ని మార్చమని మీరు అడిగినా మార్చను. మధ్యలో మాత్రం మీ ఫోన్లకు చోటు ఉంటుంది.

డిసెంబరు 12, శనివారం, మొదటి భాగం. అప్పటిదాకా వినడమే నా పని. అందుకు మీ సాయం కావాలి.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో సాగర్ కట్టినప్పుడు పని చేసినవాళ్లు, ఆ క్యాంపుల్లో పుట్టినవాళ్లు, ముంపు ఊళ్ల నుంచి లేచి వచ్చినవాళ్లు ఉంటే నాకు చెప్పండి. హాలియా, పెద్దవూర, చందంపేట, తిరుమలగిరి వైపు ఇంకా ఉంటారు. సాగర్‌లోని హిల్ కాలనీ, పైలాన్ కాలనీల్లో ఉంటారు. పాలమూరులో అచ్చంపేట, కోస్గి, మక్తల్ వైపు ఉంటారు. అప్పట్లో పని చేసినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి, వచ్చే ఏడాది అడుగుదాంలే అనుకునే సమయం లేదు. నెహ్రూ గారు వచ్చిన రోజు సంగతి అందరూ చెప్తారు, అది నాకు దొరికింది. నాకు కావాల్సింది వేరే. కూలి ఏ రోజు ఇచ్చేవాళ్లు, తట్టలో ఎంత రాయి పట్టేది, చంటిపిల్లలను ఎక్కడ పడుకోబెట్టేవాళ్లు, జ్వరం వస్తే ఎవరి దగ్గరికి పోయేవాళ్లు, రాత్రి ఏం వండుకునేవాళ్లు, తవ్వకాల్లో బొమ్మ ఏదైనా బయటపడితే దానికి దండం పెట్టుకున్నారా. పోట్లాటలు, ప్రేమలు కూడా చెప్పనివ్వండి. రాసి పంపాల్సిన పని లేదు. వాళ్లు ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేసి పంపితే చాలు. మధ్యలో మీరు అడ్డం తగలకండి, దగ్గినా ఉండనివ్వండి. పేర్లు, ఊళ్లు మార్చే రాస్తాను.

నడవలేని పెద్దవాళ్లయితే నేనే వస్తాను. ఆదివారాలు, వేసవి సెలవులు నావే. చాయ్‌లో చక్కెర తక్కువ వేయండి.

మీ సీరియల్ టీచరమ్మ